మూత్రపు తొందర ఆగనప్పుడు: వ్యాయామమా, మాత్రా, సూదా?

కర్నూలు నుంచి అనంతపురం పోయే ఆర్టీసీ బస్సులో మా పెద్దమ్మ ఎప్పుడూ తలుపు దగ్గరి సీటే అడుగుతుంది. డోన్‌లో బస్సు ఆగీ ఆగకముందే దిగుతుంది, గుత్తిలో మళ్లీ దిగుతుంది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని నీళ్ల సీసా చేతికిస్తే వెనక్కి నెట్టి, "పొద్దున్నుంచి గుక్కెడు తాగలేదు మే, తాగితే యాడ పోయేది?" అంది. నాలుగేళ్లుగా ఆమె తనకు తాను చేసుకుంటున్న వైద్యం అదొక్కటే, నీళ్లు మానేయడం. శనక్కాయ చేలలో కూలికి పోయే ఆడవాళ్లలో, బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లలో, రాత్రి లారీలు నడిపే మగవాళ్లలో ఇదే వైద్యం చేసుకుంటున్నవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. దీనికి నిజమైన చికిత్సలు ఉన్నాయి, ఒకటి కాదు, నాలుగైదు రకాలు. వాటిలో ఏది తమకు తగినదో తేల్చుకోలేక ఆగిపోయిన వారి కోసమే ఈ పోలిక.

ముందు ఇది ఆ జబ్బేనా అని తేలాలి

మూత్రాశయం కండరంతో చేసిన సంచి. పెద్దవారిలో అది 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పట్టుకోగలదు. అది సగం కూడా నిండకముందే ఆ కండరం దానంతటదే బిగుసుకుని, ఉన్నపళంగా వెళ్లకపోతే ఆగదన్న తొందర పుట్టిస్తే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటి వేరే కారణమేదీ కనిపించకపోతే, దాన్ని వైద్యులు ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు. ఆ తొందరే దీని అసలు గుర్తు. దానికి తోడు పగలు ఎనిమిది సార్లకు మించి వెళ్లడం, రాత్రి నిద్రలోంచి లేవడం ఉంటాయి. కొందరికి గది చేరకముందే కారిపోతుంది. దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, బిందె ఎత్తినప్పుడో మాత్రమే కారితే అది వేరే సమస్య, కింద చెప్పే మాత్రలు దానికి పనిచేయవు.

ఈ జబ్బు వేషంలో వచ్చేవి చాలా ఉన్నాయి. మంటతో, జ్వరంతో వస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. షుగరు అదుపు తప్పితే మూత్రం ఎక్కువగా తయారవుతుంది. షుగరుకు ఇప్పుడు విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు మూత్రం ద్వారా చక్కెరను పంపించే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి, అవి మొదలైన వారంలోనే తొందర మొదలైతే అనుమానించవలసింది ముందు ఆ మాత్రనే. బీపీకి వాడే మూత్రం పెంచే మాత్రలను సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవవలసి వస్తుంది. అమ్లోడిపిన్ వల్ల కాళ్లు వాచినవారికి పడుకోగానే ఆ నీరు రక్తంలోకి తిరిగి చేరి మూత్రంగా దిగుతుంది. యాభై దాటిన మగవారిలో ప్రోస్టేట్ వాపు, అందరిలోనూ మూత్రనాళం కింది కొసన ఇరుక్కున్న రాయి, పాతబడిన మలబద్ధకం కూడా ఇదే బాధ పెడతాయి. రాళ్ల బాధ మన ఎండ ప్రాంతానికి కొత్త కాదు గనుక ఆ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు.

అందువల్ల ఏ మాత్ర రాయించుకునే ముందైనా మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. మూత్రానికి వెళ్లొచ్చిన తరువాత సంచిలో ఎంత మిగిలిందో చూసే స్కానింగు కూడా, మగవారికి, ముసలివారికి, షుగరు ఉన్నవారికి, ధార సన్నబడినవారికి ముఖ్యంగా, అవసరం. ఈ మూడింటికి పెద్ద ఊరు పోనక్కర్లేదు. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా బిగిసిపోయినా, తొందరతో పాటు కాళ్లలో పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఇక్కడి పోలికలు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు రోజుల లెక్క

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. వరుసగా మూడు రోజులు ఎప్పుడు వెళ్లారో, ఎంత పోసారో, ఏం తాగారో, తొందర ఎంత గట్టిగా వచ్చిందో, కారిందో లేదో రాసుకోవడమే ఆ పరీక్ష. పెద్దమ్మకు రాత రాదు. కొలత గీతలున్న పాత ప్లాస్టిక్ జగ్గు ఒకటి స్నానాల గదిలో పెట్టాం. ఆమె వచ్చి అంకె చెబితే మనవడు క్యాలెండర్ కాగితం వెనక రాశాడు. మొదటి రోజు పదమూడు సార్లు, ఒక్కోసారి 80 నుంచి 120 మిల్లీలీటర్లు, మొత్తం 1,300 తేలింది. నీళ్లు తాగడం లేదన్న మనిషి ఆరు గ్లాసుల టీ తాగిందని కూడా అదే కాగితం చెప్పింది. మొత్తం మామూలుగానే ఉండి, ప్రతిసారీ కొంచెం కొంచెం పోయడం మూత్రాశయపు తొందరకు గుర్తు. అదే కాగితం మీద మొత్తం మూడు లీటర్లు దాటి ఉంటే మూత్రాశయాన్ని నిందించనక్కర్లేదు, షుగరునో, తాగే అలవాటునో చూడాలి. అరవై అయిదు దాటినవారిలో రోజు మొత్తంలో మూడో వంతుకు మించి రాత్రి పూటే పోతుంటే ఆ రాత్రి బాధకు దారి వేరు. దానికి కాళ్ల వాపు, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, గుండె బలహీనత వంటివి వెతకాలి. ఈ కాగితం లేకుండా డాక్టరు దగ్గరకు పోతే ఎంపిక ఊహల మీద జరుగుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ముందు పెట్టే కొలత ఆ మనిషికి ఇప్పటికే ఉన్న జబ్బులు, వేసుకుంటున్న మాత్రలు. మందు బలం దాని తరువాతి మాట. రెండోది, ఇల్లు, పని, మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉన్నాయన్నది. మూడోది, ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లి రాగలరు అన్నది, ఎందుకంటే మడకశిర పక్క పల్లె నుంచి పన్నెండు సార్లు పట్నం పోయి రావడమంటే పన్నెండు రోజుల కూలి పోవడమే. ధర నాలుగోది. మందు నెలకు ఎంత పడుతుందని కాదు, ఏళ్ల తరబడి కొనగలరా అని చూసుకోవాలి. ఫలితం ఎంత తొందరగా కావాలన్నదీ, ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకోగలిగే చికిత్స కావాలా అన్నదీ చివరగా చూసుకోవచ్చు.

ఇదివరకు ముందు వ్యాయామం, తరువాత మాత్ర, అదీ పనిచేయకపోతే సూది అని మెట్లు మెట్లుగా ఎక్కించేవారు. 2024లో అమెరికా యూరాలజీ సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు ఆ మెట్ల వరుసను తప్పనిసరి చేయలేదు. రోగి, డాక్టరు కూర్చుని మాట్లాడుకుని ఏ దారినైనా ఎంచుకోవచ్చన్నాయి. అయినా మన దగ్గర చాలామందికి మొదటి దారి శిక్షణే కావాలని నా అభిప్రాయం, దానివల్ల చెడు జరగదు గనుక.

మూత్రాశయానికి శిక్షణ

ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది గడువు పెంచడం. ఇప్పుడు గంటకొకసారి వెళుతుంటే ఒక వారం గంటంపావుకు, మరో వారం గంటన్నరకు, అలా వారానికి పదిహేను నిమిషాలు పెంచుకుంటూ మూడు గంటల దాకా తేవాలి. "మళ్లీ దొరుకుతుందో లేదో" అని అవసరం లేకున్నా ముందే వెళ్లి రావడం బస్టాండుల్లో మనకందరికీ ఉన్న అలవాటు. అదే ఆ సంచికి చిన్నగా ఉండడం నేర్పుతుంది.

రెండోది కటి కండరాల వ్యాయామం. గ్యాస్ పోకుండా బిగబట్టినట్టు కింది కండరాన్ని లోపలికి లాగి, ఐదు లెక్కపెట్టేంతసేపు పట్టి వదలాలి. ఇలా పది సార్లు, రోజుకు మూడు దఫాలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి సాధన చేయవద్దు, దానివల్ల సంచి పూర్తిగా ఖాళీ కాని అలవాటు పడుతుంది.

తాళం తీస్తుండగానే, కొళాయి చప్పుడు వినగానే తొందర తన్నుకొస్తుంది. ఆ క్షణంలో పరుగెత్తడమే పొరపాటు. ఉన్నచోట నిలబడి, ఆ కండరాన్ని ఐదారు సార్లు గబగబా బిగించి వదిలితే మూత్రాశయపు కండరానికి సడలమని నరాల ద్వారా కబురు పోతుంది. ఆ ఉధృతి అలలా వచ్చి దానంతటదే తగ్గుతుంది. తగ్గాక నిదానంగా నడిచి వెళ్లాలి. పెద్దమ్మ దీన్ని వాకిట్లో ద్వారబంధం పట్టుకుని నేర్చుకుంది. మొదటి పది రోజులు చీర తడిసింది, మూడో వారానికి తలుపు దాకా నడిచి వెళ్లగలిగింది.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి సంచి గోడను ఇంకా రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, రాళ్లకు దారి పడుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉండేంత తాగాలి. నీడలో పనిచేసేవారికి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు సరిపోవచ్చు గానీ, మే నెలలో చేనులో ఉన్నవారికి అది చాలదు. పగలంతా విడతలుగా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గిస్తే చాలు. టీ, కాఫీ తగ్గించాలి, మజ్జిగ తాగవచ్చు. బరువు ఎక్కువ ఉన్నవారు కొంత తగ్గినా మూత్రం కారడం తగ్గుతుంది.

దీని లోపం ఏమిటంటే ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఫిజియోథెరపిస్టు ఒకసారైనా చూసి సరిదిద్దకపోతే చాలామంది తప్పు కండరాన్ని బిగిస్తారు. జ్ఞాపకశక్తి తగ్గిన ముసలివారికి గడువు పెంచే పద్ధతి పనికిరాదు. వారిని రెండు గంటలకొకసారి ఇంటివాళ్లే పిలుచుకుపోవాలి.

రెండు కుటుంబాల మాత్రలు

దుకాణంలో పేర్లు ఎన్ని కనిపించినా నోటి మందులు ప్రధానంగా రెండు కుటుంబాలవే. మొదటి కుటుంబం మూత్రాశయపు కండరం బిగుసుకునే సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్, ట్రోస్పియం ఇందులోవి. రెండోది ఆ కండరం సడలే సంకేతాన్ని పెంచుతుంది. మన దగ్గర ఇందులో ఎక్కువగా రాసేది మిరాబెగ్రాన్, దాన్ని జపాన్ 2011లో, అమెరికా 2012లో అనుమతించాయి. తొందరను తగ్గించడంలో రెండు కుటుంబాల బలం ఇంచుమించు ఒకటే. ఎంపిక జరిగేది దుష్ఫలితాల దగ్గర.

| చూడవలసింది | సోలిఫెనాసిన్ వంటివి | మిరాబెగ్రాన్ |
|---|---|---|
| నోరు ఎండడం, మలబద్ధకం | తరచుగా ఉంటాయి | తక్కువ |
| బీపీ | సాధారణంగా ఇబ్బంది లేదు | కొంత పెరగవచ్చు, 180/110 దాటి అదుపులో లేనివారికి ఇవ్వరు |
| కంటిలో నీటికాసులు | ఇరుకు కోణపు రకానికి పనికిరావు | ఈ ఇబ్బంది తక్కువ |
| ముసలివారి జ్ఞాపకశక్తి | మసకబారే ప్రమాదం ఉంది | ఆ ప్రమాదం తెలియరాలేదు |
| ఎండలో పని | చెమట తగ్గి వడదెబ్బ ప్రమాదం | ఈ బాధ లేదు |
| ధర | సాధారణంగా తక్కువ | సాధారణంగా ఎక్కువ |
| ఫలితం తెలిసే గడువు | సుమారు 4 వారాలు | 4 నుంచి 8 వారాలు |

ఈ పట్టికలో ఎండ వరుసను మన జిల్లాలవాళ్లు రెండుసార్లు చదవాలి. మొదటి కుటుంబపు మాత్రలు చెమట గ్రంథులను కూడా అడ్డుకుంటాయి. ఏసీ గదిలో కూర్చునేవారికి అది లెక్కలోకి రాదు. మార్చి నుంచి జూన్ దాకా చేనులోనో, ఇటుక బట్టీలోనో, నాపరాయి గనిలోనో పనిచేసేవారి ఒంట్లో మాత్రం వేడి బయటికి పోయే దారి మూసుకుపోయినట్టే. నోరెండుతోందని ఎక్కువ నీళ్లు తాగితే మళ్లీ తొందర మొదలవుతుంది. చౌక అని ఈ మాత్ర తీసుకునే ముందు, తాము చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే ఆయన అడగకపోవచ్చు.

రెండో జాగ్రత్త ముసలివారి గురించి. నిద్రకు, నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్, జలుబుకు కొనుక్కునే క్లోర్‌ఫెనిరమైన్, కడుపునొప్పికి వేసుకునే డైసైక్లోమిన్ కూడా మొదటి కుటుంబం లాగే ఒంట్లో అదే సంకేతాన్ని అడ్డుకుంటాయి. వాటి మీద ఆక్సీబ్యుటినిన్ పడితే బరువు కూడి, డెబ్బై దాటిన మనిషి తికమకపడవచ్చు, రాత్రి లేచి పడిపోవచ్చు. ఆ వయసులో ఈ కుటుంబం నుంచే తప్పనిసరిగా ఎంచుకోవలసి వస్తే, మెదడులోకి తక్కువగా చేరే ట్రోస్పియం మేలు, దాన్ని భోజనానికి గంట ముందు ఖాళీ కడుపుతో వేసుకోవాలి.

మిరాబెగ్రాన్ 25 మిల్లీగ్రాములతో మొదలై 50కి పెరగవచ్చు. దాన్ని నమలకుండా, విరవకుండా మింగాలి. మొదటి వారాల్లో బీపీ చూపించుకోవాలి. గుండెకు, బీపీకి మెటోప్రొలాల్ వేసుకునేవారు ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే మిరాబెగ్రాన్ దాని మోతాదును రక్తంలో పెంచుతుంది. ఒక్కటి చాలనప్పుడు రెండు కుటుంబాల నుంచి చెరొకటి కలిపి ఇవ్వడమూ ఉంది. ధర బరువనిపిస్తే జన ఔషధి కేంద్రంలో అదే మందు జనరిక్ రూపంలో ఉందేమో, డాక్టరు రాసిన మందు పేరుతోనే అడగాలి, కంపెనీ పేరుతో కాదు.

సూదులు, పరికరాలు

మాత్రలు పడనివారికి, వేసుకోలేనివారికి మూడు దారులున్నాయి. మొదటిది కండరాన్ని సడలించే బొటాక్స్ సూది. సన్నని గొట్టంతో మూత్రాశయంలోకి చూస్తూ 100 యూనిట్ల మందును గోడలో ఇరవై వరకు చోట్ల ఇస్తారు. రెండు వారాల్లో ఫలితం తెలుస్తుంది, ఆరు నెలలో ఇంకొంచెం ఎక్కువో నిలుస్తుంది, తరువాత మళ్లీ చేయించుకోవాలి. మూత్రం కారడం ఎక్కువగా ఉన్నవారికి దీని బలం గట్టిది. నూటికి సుమారు ఆరుగురికి కొన్నాళ్లపాటు మూత్రం దిగక, తామే సన్నని గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవలసి వస్తుంది. ఇన్‌ఫెక్షన్ భయమూ ఉంది. గొట్టం పెట్టుకోవడం నేర్చుకోవడానికి మనసొప్పనివారు, ఇంట్లో శుభ్రమైన చోటు లేనివారు దీనికి ఒప్పుకోకూడదని నా మాట.

రెండోది చీలమండ దగ్గరి నరానికి సన్నని సూదితో స్వల్ప విద్యుత్తు ఇవ్వడం. వారానికి ఒకసారి అరగంట, పన్నెండు వారాలు, తరువాత నెలకొకసారి. దుష్ఫలితాలు దాదాపు లేవు. మన దగ్గర దీనికి అడ్డు ప్రయాణమే. సూది లేకుండా చర్మం మీద అతుకులు పెట్టి ఇచ్చే పద్ధతి ఉంది. ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పితే చిన్న యంత్రంతో ఇంట్లోనే చేసుకోవచ్చు. పల్లెల్లో ఉన్నవారికి నేను ముందు అడగమనేది దీన్నే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు ఈ విద్యుత్ చికిత్సలు ఇవ్వరు.

మూడోది వెన్ను కింది భాగంలో నరం పక్కన తీగ అమర్చి, పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న బ్యాటరీ పెట్టడం. ముందు కొద్దిరోజులు పరీక్షగా చూసి, బాధ సగమైనా తగ్గితేనే శాశ్వతంగా అమరుస్తారు. ఖర్చు చాలా ఎక్కువ. అనుభవమున్న కేంద్రాల కోసం బెంగళూరో హైదరాబాదో పోవాలి. ఏళ్ల పాటు సరిచూపులకు అక్కడికే వెళ్లగలిగినవారే ఆలోచించాలి.

కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన వైద్యశాలల్లో గానీ, కడప రిమ్స్‌లో గానీ చూపించుకునేవారు తమకు రాసిన చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో లేదో ఒప్పుకునే ముందే అక్కడి వైద్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

ఎవరికి ఏది

బీపీ అదుపులో ఉండి, ఎండలో పనిచేసే నడివయసు మనిషికి శిక్షణతో మొదలుపెట్టి, అవసరమైతే మిరాబెగ్రాన్ చేర్చడం తగిన దారి. బీపీ అదుపు తప్పి ఉన్నవారు ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఇంట్లోనో ఆఫీసులోనో ఉంటూ మలబద్ధకం, నీటికాసులు లేని నలభై యాభై ఏళ్లవారికి, ధర ముఖ్యమైతే, సోలిఫెనాసిన్ 5 మిల్లీగ్రాములు సరిపోవచ్చు. ముట్లాగిపోయిన ఆడవారిలో యోని పొడిబారడం, మంట ఉంటే ఈస్ట్రోజెన్ క్రీమును లోపల రాయడం వల్ల తొందర కూడా తగ్గుతుంది. దాని గురించి అడగడానికి సిగ్గుపడకూడదు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం ముందే చెప్పాలి. మగవారిలో ధార సన్నబడి, సంచిలో ఎక్కువ మిగులుతుంటే ముందు ప్రోస్టేట్‌కు మందు వాడాలి. తొందర మాత్రను ముందే వేసుకుంటే మూత్రం బిగిసిపోవచ్చు. రాత్రి బస్సులు, లారీలు నడిపేవారు కంటిచూపు మసకబార్చే మొదటి కుటుంబపు మాత్రను కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో బండి ఎక్కకూడదు.

పెద్దమ్మకు బీపీ ఉంది, మలబద్ధకమూ ఉంది, ఏటా రెండు పంటల కూలి ఉంది. డాక్టరమ్మ టీ తగ్గించమని చెప్పి, వ్యాయామం నేర్పించి, ఎనిమిది వారాల తరువాత మళ్లీ జగ్గుతో లెక్క రాయించింది. పదమూడు తొమ్మిదైంది. ఒక్కోసారి పోసేది 180 దాకా వచ్చింది. అప్పుడు బీపీ కొలిచి, అదుపులో ఉందని చూశాకే మిరాబెగ్రాన్ 25 రాసింది.

ఎంత కాలం చూడాలి

మాత్ర మార్చించుకునే తొందరలో చాలామంది పది రోజులకే డాక్టరును మారుస్తారు. శిక్షణకు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, మొదటి కుటుంబపు మాత్రకు నాలుగు వారాలు, మిరాబెగ్రాన్‌కు ఎనిమిది వారాలు ఇవ్వాలి. ఆ గడువు తరువాత మళ్లీ మూడు రోజుల లెక్క రాసి పాత కాగితం పక్కన పెట్టి చూడాలి. తగ్గిందని మాత్రను తామే ఆపేస్తే బాధ తిరగబెట్టడం మామూలే, కాబట్టి మోతాదు తగ్గించాలో ఆపి చూడాలో డాక్టరుతో మాట్లాడాలి. సోలిఫెనాసిన్ వంటి మాత్ర వాడుతూ ఎండలో పనికి పోయేవారు ఫిబ్రవరి నెలాఖరులోపు ఒకసారి డాక్టరును కలిసి, వేసవి నాలుగు నెలలకు మాత్ర మార్చాలా అని అడగాలి.